జపాను ప్రయాణానికి పనికివచ్చే మాటలు: ఒడిశా సరిహద్దు తెలుగువారి కోసం

రాయగడలోనో గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో పుట్టి పెరిగిన తెలుగువారికి పరాయి భాషలో పని నడుపుకోవడం కొత్త కాదు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, రైల్లో హిందీ, సంతలో ఎదుటి మనిషిని బట్టి ఏది కుదిరితే అది. మనలో చాలామంది వ్యాకరణం చదివి ఒడియా నేర్చుకున్నవాళ్లు కారు. ‘కెతె’ అని ధర అడగడంతో మొదలుపెట్టి, అవసరం పెరిగినకొద్దీ మాటలు పోగుచేసుకున్నవాళ్లే. జపానులో ఉద్యోగం చేస్తున్న కొడుకునో కూతురినో చూడడానికి బయలుదేరే తల్లిదండ్రులకూ, సెలవుల్లో తిరిగి రావాలనుకునే యువతీయువకులకూ ఆ అలవాటే అక్కరకు వస్తుంది. కొద్ది మాటలైనా సరిగ్గా పలికి, సరైన చోట వాడితే చాలు.

యాత్రికుల కోసం అచ్చువేసే పుస్తకాల్లో వందల వాక్యాలు ఉంటాయి. వాటిని కంఠస్థం చేసి వెళ్లినవాళ్లకు చిక్కు అడగడంలో రాదు, జవాబు దగ్గర వస్తుంది. ‘ఫలానా గుడికి ఎలా వెళ్లాలి?’ అని చక్కని జపానీసులో అడిగితే, ఈయనకు భాష వచ్చు కాబోలు అనుకుని అవతలి మనిషి మలుపులు, వంతెనలు, దీపస్తంభాలు అన్నీ వరసగా వివరిస్తారు; మనకు ఒక్క ముక్కా అందదు. అందువల్ల జవాబు మూడు రూపాల్లోనే వచ్చేలా ప్రశ్న వేయాలి: అవునో కాదో, ఒక అంకె, లేదా వేలితో చూపించడం. ఈ వ్యాసంలో ఇచ్చిన వాక్యాలను ఆ నియమంతోనే ఎంచాను.

ముందు ఉచ్చారణ సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ తెలుగు మనకు పెద్ద అండ. జపాను భాషలో అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. ప్రతిదానికీ హ్రస్వమూ దీర్ఘమూ ఉన్నాయి, ఒకదాని చోట మరొకటి పలికితే అర్థం మారిపోతుంది. ‘ఒబసన్’ అంటే అత్త లేదా పిన్ని వరస, ‘ఒబాసన్’ అంటే బామ్మ. ‘బ్యోయిన్’ ఆసుపత్రి, ‘బియోయిన్’ జుట్టు కత్తిరించి అలంకరించే చోటు. ద్విత్వం కూడా అంతే: ‘కితె కుదసై’ అంటే రండి, ‘కిత్తె కుదసై’ అంటే కోయండి. కలకూ కల్లకూ తేడా చిన్నప్పటినుంచీ పాటించే మన నాలుకకు ఇది కష్టం కాదు. హిందీ లిపిలోనూ ఒడియా లిపిలోనూ ఎ–ఏ, ఒ–ఓ తేడాకు మామూలుగా వేరువేరు అక్షరాలు లేవు కాబట్టి, వాటిలో రాసుకున్న జాబితా దారి తప్పించే అవకాశం ఉంది. అందుచేత మీ కాగితం తెలుగులోనే రాసుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు మన అక్షరాలు చదవలేకపోతే, పెద్దవాళ్లు చదివి ఫోనులో రికార్డు చేసి ఇవ్వడం మంచిది. విని పలకడం వాళ్లకు తేలిక.

మరొక అనుకూలత ఉంది. ‘చుక్క, చాప’ అన్నప్పుడు మనం పలికే చకారం వేరు, ‘చిలుక, చేప’ అన్నప్పుడు పలికేది వేరు. అలాగే ‘జున్ను’లోని జకారం వేరు, ‘జీతం’లోని జకారం వేరు. జపాను భాషలో ఈ రెండు జతలూ ఉన్నాయి. కింద నేను చు, జ, జు అని రాసినచోట చుక్కలోలా, జున్నులోలా పలకండి. చ్య, జ్య అని రాసినచోట చిలుకలోలా, జీతంలోలా పలకండి. ట, డ లను పూర్తిగా మరిచిపోయి త, ద లనే వాడండి. మనం టోక్యో, క్యోటో, ఒసాకా అనే ఊళ్లను అక్కడివాళ్లు తోక్యో, క్యోతొ, ఓసక అంటారు. మాట చివర ‘సు’ రాసి ఉన్నా ఉకారం దాదాపు వినిపించదు కాబట్టి ‘దెసు’ అనేది ‘దెస్’ అవుతుంది, ‘మసు’ అనేది ‘మస్’ అవుతుంది.

వాక్యం అల్లికా మనకు దగ్గరే. క్రియ చివర వస్తుంది, విభక్తి ప్రత్యయం పేరు తరవాత వస్తుంది. ‘తోక్యో కర క్యోతొ మదె’ అంటే టోక్యో నుంచి క్యోటో వరకు. వరసలో ఒక్క ముక్కా అటూ ఇటూ కాలేదు. ప్రశ్న వేయాలంటే చివర ‘క’ చేర్చితే సరి. ‘కొరె వ ఇకుర దెస్ క’ అన్న వాక్యంలో కొరె అంటే ఇది, ఇకుర అంటే ఎంత, దెస్ అన్నది మర్యాదగా వాక్యాన్ని ముగించే మాట. అందుకే వాక్యాలను విడివిడిగా బట్టీ పట్టే బదులు మూడు వాక్యపు మూసలు దగ్గర పెట్టుకుని పేరు మార్చుకుంటూ పోవచ్చు. ‘ఫలానా వ దొకొ దెస్ క’ అంటే అది ఎక్కడ, ‘ఫలానా అరిమస్ క’ అంటే అది ఉందా, ‘ఫలానా ఒనెగై షిమస్’ అంటే అది దయచేసి ఇవ్వండి లేదా చేయండి. చేతికి అందే వస్తువు అడిగేటప్పుడు ‘ఒనెగై షిమస్’ బదులు ‘కుదసై’ అనవచ్చు.

ఒకే ఒక్క మాట నేర్చుకోగలిగితే ‘సుమిమసెన్’ నేర్చుకోండి. ఎవరినైనా పిలవడానికీ, దారి ఇమ్మనడానికీ, కాలు తగిలినప్పుడు క్షమించమనడానికీ, చిన్న సాయానికి కృతజ్ఞత చెప్పడానికీ అదే పనికివస్తుంది. మన వైపు ముక్కూమొహం తెలియనివారిని కూడా బాబూ, అమ్మా, మావయ్యా అని వరసపెట్టి పిలుస్తాం; అక్కడ ఆ పద్ధతిని యాత్రికుడు వాడకపోవడమే క్షేమం. నువ్వు, మీరు అనే అర్థంలో పుస్తకాలు నేర్పే ‘అనత’ అనే మాటనూ వదిలేయండి, ముఖాన అంటే మొరటుగా ఉంటుంది. పేరు తెలిస్తే పేరు తరవాత ‘సన్’ చేర్చాలి, తెలియకపోతే సుమిమసెన్ చాలు. మనం సొంత పేరుకు గారు తగిలించుకోనట్టే, వాళ్లూ సొంత పేరుకు సన్ చేర్చుకోరు. కృతజ్ఞతకు ‘అరిగతో గొజయిమస్’ అని తల కాస్త వంచి చెప్పాలి. ‘అరిగతో’ అని సగంలో ఆపేయడం స్నేహితుల మధ్య నడుస్తుంది గాని పెద్దవాళ్ల దగ్గరా దుకాణాల్లోనూ పూర్తిగా చెప్పడమే అందం. ప్రయాణానికి ముందే ఇది పలికి చూడాలనిపిస్తే, జపాను బౌద్ధుల సహకారంతో 1972లో భువనేశ్వర్ దగ్గర ధౌళి కొండమీద కట్టిన శాంతి స్తూపం మనకు ఒక రాత్రి ప్రయాణమే; ఆ దేశపు యాత్రికులు ఎదురైతే పలకరించవచ్చు.

అర్థం కానప్పుడు నవ్వి ఊరుకోకండి. ‘వకరిమసెన్’ అంటే అర్థం కాలేదు. ‘మో ఇచిదొ ఒనెగై షిమస్’ అంటే మరొకసారి చెప్పండి, ‘యుక్కురి ఒనెగై షిమస్’ అంటే నెమ్మదిగా చెప్పండి. వీటికంటే విలువైనది ‘కైతె కుదసై’, రాసివ్వండి అని. ధర గాని, రైలు వేళ గాని, ప్లాట్‌ఫారం అంకె గాని కాగితం మీదికి వచ్చాక ఇంక సందేహం ఉండదు. వాళ్లూ మనం వాడే అంకెలే రాస్తారు. ‘ఏగొ వకరిమస్ క’ అంటే ఇంగ్లీషు వచ్చా అని అడగడం.

జవాబుల్లో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. అవునుకు ‘హై’, కాదుకు ‘ఈయె’ అని చదువుకుని వెళతాం. తీరా చూస్తే మనం మాట్లాడుతున్నంతసేపూ అవతలివారు హై, హై అంటూనే ఉంటారు. అది వింటున్నానని చెప్పడమే తప్ప ఒప్పుకోవడం కాదు, కాబట్టి ప్రశ్న పూర్తయ్యాక వచ్చే జవాబునే లెక్కలోకి తీసుకోవాలి. కాదని మొహం మీద చెప్పడం వాళ్లకు ఇష్టం ఉండదు. ‘చ్యొత్తొ...’ అని సాగదీసి ఆగిపోతే పని కాదని అర్థం. రెట్టించకుండా అరిగతో గొజయిమస్ అని చెప్పి కదలాలి. ‘ఈ బస్సు వెళ్లదా?’ అన్నట్టు వ్యతిరేకార్థంలో ఎప్పుడూ అడగవద్దు. హై అంటే వెళుతుందనో వెళ్లదనో తేల్చుకోలేక అక్కడే నిలబడిపోతాం.

మొదటి రోజునుంచే ఎదురయ్యే చోటు ‘కొంబిని’ అనే చిన్న దుకాణం. సెవెన్ ఎలెవెన్, లాసన్, ఫ్యామిలీ మార్ట్ పేర్లతో సందుసందునా ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. లోపల అడుగుపెట్టగానే ‘ఇరష్షైమసె’ అని స్వాగతం చెబుతారు. దానికి జవాబు అక్కరలేదు. అన్నం డబ్బా తీసుకుని బల్ల దగ్గరికి వెళితే, అమ్మే అమ్మాయి డబ్బా చేతిలో పట్టుకుని ‘అతతమెమస్ క’ అంటుంది, వేడి చేయమంటారా అని. కావాలంటే ‘హై, ఒనెగై షిమస్’. తరవాత ‘ఫుకురొ వ ఇరిమస్ క’ అంటుంది, సంచి కావాలా అని. 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవడం తప్పనిసరి అయింది కాబట్టి అడగకుండా ఇవ్వరు. అక్కరలేదంటే ‘దైజ్యోబు దెస్’ అనాలి. ఈ మాటకు ఫరవాలేదు అని అర్థం. ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు అంటే వద్దని తీసుకుంటారు, కాబట్టి కావలసినప్పుడు అనకండి. ‘పొయింతొ కాదొ’ అని వినిపిస్తే దుకాణం కార్డు సంగతి, ‘నై దెస్’ అంటే లేదని. పుల్లలతో తినడం చేతకాని పెద్దలు ‘సుపూన్ అరిమస్ క’ అని అడిగి చెంచా తీసుకోవచ్చు. డబ్బు చేతిలో పెట్టకుండా బల్లమీద ఉండే చిన్న పళ్లెంలో పెట్టాలి.

అంకెలు ఇవి: ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జ్యూ. ఇరవై ని-జ్యూ, వంద హ్యకు, వెయ్యి సెన్. వందలు పలికేటప్పుడు మూడు వందలు సంబ్యకు, ఆరు వందలు రొప్ప్యకు, ఎనిమిది వందలు హప్ప్యకు అవుతాయి. పదివేలకు ‘మన్’ అని ప్రత్యేకంగా పేరుంది, అక్కడినుంచి లెక్క దానిమీదే నడుస్తుంది. మన లక్ష వాళ్లకు జ్యూ-మన్. యెన్‌ను వాళ్లు ‘ఎన్’ అంటారు. నాణేల్లో అయిదు యెన్‌ల బిళ్ల పసుపు రంగులో, మధ్య చిల్లుతో ఉంటుంది. దానిమీద మనకు తెలిసిన అంకె ఉండదు, చిల్లునీ రంగునీ బట్టి గుర్తుపట్టాలి. యాభై యెన్‌ల బిళ్లకూ చిల్లు ఉంటుంది గాని అది వెండి రంగు. వస్తువులు లెక్కపెట్టి అడగడానికి ఒకటికి ‘హితొచు’, రెండుకు ‘ఫుతచు’ తెలిస్తే చాలావరకు గడుస్తుంది.

అసలు కష్టం తిండి దగ్గర వస్తుంది, అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. చేప తినే బరంపురం, గోపాల్‌పూర్ వైపు వాళ్లకు జపానులో ఏ లోటూ ఉండదు. శాకాహారులకు మాత్రం ఒక చిక్కు ఉంది, అది కంటికి కనిపించదు. అక్కడి పులుసులకూ చారులకూ ఆధారం ‘దషి’ అనే రసం. దాన్ని చాలాచోట్ల ‘కచుఒబుషి’ అనే ఎండబెట్టిన చేపతోనే తీస్తారు. కూరగాయలు మాత్రమే కనిపించే గిన్నెలోనూ, మిసొ అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే చారులోనూ, నూడుల్స్ నీటిలోనూ అది ఉంటుంది. శాకాహారిని అన్న ఒక్క మాట చెప్పి నమ్ముకుంటే, వడ్డించేవారు ముక్కలు తీసేసి అదే రసం పోసి తెస్తారు; వాళ్ల దృష్టిలో అందులో తప్పు లేదు. కాబట్టి పేరుపేరునా చెప్పాలి: ‘నికు మొ సకన మొ తబెమసెన్’, మాంసమూ చేపా తినను, ‘దషి మొ దమె దెస్’, చేప రసమూ పనికిరాదు. గుడ్డు తినేవారు ‘తమగొ వ దైజ్యోబు దెస్’ అని చేర్చుకోవచ్చు.

కోడి తిని ఆవు మాంసం తిననివారికి మరొక వాక్యం కావాలి. ‘కొరె ని గ్యూనికు గ హైత్తె ఇమస్ క’ అంటే ఇందులో ఆవు మాంసం కలిసిందా అని. గ్యూనికు చోట పంది మాంసానికి బుతనికు, కోడికి తొరినికు పెట్టుకోవచ్చు. జవాబు చివర ‘ఇమస్’ వస్తే ఉందని, ‘ఇమసెన్’ వస్తే లేదని. ఆ ఒక్క అక్షరం మీద చెవి పెట్టండి. జపాను కూర ‘కరే’ చూడడానికి మనదిలా ఉన్నా, దాన్ని చిక్కబరచడానికి వాడే దుకాణపు ముద్దల్లో జంతువుల కొవ్వు ఉండడం మామూలే, అడగకుండా తినవద్దు. పూర్తిగా శాకం కావాలంటే బౌద్ధ మఠాల భోజనం ‘షోజిన్ ర్యోరి’ కోసం చూడాలి. క్యోటో గుళ్ల దగ్గరా, కోయసన్ కొండమీదా దొరుకుతుంది, ధర మాత్రం ఎక్కువ. ఊళ్లలో కనిపించే భారతీయ భోజనశాలల్లో చాలావాటిని నేపాలీలు నడుపుతారు, అక్కడ మన హిందీతో పని జరిగిపోతుంది.

భోజనశాల గుమ్మంలో మొదట వినిపించే ప్రశ్న ‘నన్మే సమ దెస్ క’, ఎంతమంది అని. ఒక్కరైతే ‘హితొరి దెస్’, ఇద్దరైతే ‘ఫుతరి దెస్’, ముగ్గురైతే ‘సన్-నిన్ దెస్’; వేళ్లు చూపినా అర్థం చేసుకుంటారు. జాబితాలో బొమ్మమీద వేలు పెట్టి ‘కొరె ఒనెగై షిమస్’ అంటే చాలు. అడగకుండానే చన్నీళ్లు తెస్తారు. వేడినీళ్లు కావాలంటే ‘ఒయు కుదసై’. తినేముందు ‘ఇతదకిమస్’, లేచేటప్పుడు ‘గొచిసోసమ దెషిత’ అనడం వాళ్ల ఆచారం, మనం అంటే వండినవారి మొహం వెలుగుతుంది. బిల్లుకు ‘ఒకైకే ఒనెగై షిమస్’. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు. బల్లమీద వదిలేస్తే మరిచిపోయారనుకుని వెనక పరుగెత్తుకు వచ్చి ఇస్తారు.

రైళ్లలో ఇంగ్లీషు బోర్డులు, ప్రకటనలు బాగానే ఉన్నాయి కాబట్టి కొద్ది మాటలే చాలు. స్టేషను ‘ఎకి’, టికెట్టు ‘కిప్పు’, బయటికి దారి ‘దెగుచి’, బండి మారడం ‘నొరికయె’. రైలు వెళుతుందా అని కాక ఆగుతుందా అని అడగడం మంచిది: ‘కొనొ దెన్ష వ షిజుఒక ని తొమరిమస్ క’, ఈ రైలు షిజుఒక ఊళ్లో ఆగుతుందా అని. 1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకాల మధ్య మొదలైన షిన్‌కన్‌సెన్ అనే అతివేగ రైలు మార్గంలో నొజొమి అనే బండి షిజుఒక మీదుగా పోతుంది గాని అక్కడ ఆగదు, కొదమ అనే బండి ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది. ‘నన్‌బన్ సెన్ దెస్ క’ అంటే ఎన్నో ప్లాట్‌ఫారం. జవాబు అంకెగా వస్తుంది. బండిలో ‘చుగి వ’ అని వినిపిస్తే తరవాత వచ్చేది దిగబోయే స్టేషను పేరు. టాక్సీలో చిరునామా ఫోనులో చూపించి ‘కొకొ మదె ఒనెగై షిమస్’ అంటే సరిపోతుంది, తలుపు డ్రైవరే తెరుస్తాడు.

దారిలో ఎక్కువగా అడగవలసిన వాక్యం ‘తొయిరె వ దొకొ దెస్ క’, మరుగుదొడ్డి ఎక్కడ అని. చూపించే వేలితోపాటు మిగి అంటే కుడి, హిదరి అంటే ఎడమ, మస్సుగు అంటే తిన్నగా అని వినిపిస్తాయి. అంతస్తు చెబితే ఒక సంగతి గుర్తుంచుకోండి: వాళ్ల ‘ఇక్కై’, అంటే ఒకటో అంతస్తు, మన నేలమట్టమే, ‘నికై’ అంటే మెట్లు ఒక్క వరసే ఎక్కాలి.

ఫోనులో అనువాదం చేసే యాప్ పెట్టుకోవడం అవసరమే. దాంతో మాట్లాడేటప్పుడు ఒక్కో వాక్యంలో ఒక్క సంగతే చెప్పండి, కర్తను వదిలేయకండి. అయినా ఛార్జి అయిపోయే ఫోనును నమ్ముకుని పెద్దవాళ్లను ఒంటరిగా పంపకూడదు. బస చేసే చోటి చిరునామా, పిల్లల ఫోను నంబరు, తినకూడని పదార్థాలు, ఉన్న జబ్బులు, వాడుతున్న మందుల పేర్లు అక్కడి లిపిలో ఒక అట్టమీద రాయించి పాస్‌పోర్టుతోపాటు జేబులో ఉంచాలి. యాత్రికుడు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవడం అక్కడ చట్టం. మధుమేహం ఉన్నవారు ‘తోన్యోబ్యో దెస్’ అన్న మాట నోటికి కూడా నేర్చుకోవాలి. ‘కొకొ గ ఇతై దెస్’ అని చెయ్యి పెట్టి చూపిస్తే ఇక్కడ నొప్పి అని, ‘కిబున్ గ వరుయి దెస్’ అంటే ఒంట్లో బాగాలేదని.

పాస్‌పోర్టు పోతే దగ్గరలోని ‘కోబన్’ అనే చిన్న పోలీసు ఠాణాకు వెళ్లి ‘పసుపోతొ ఒ నకుషిమషిత’ అనాలి. ప్రాణం మీదికి వస్తే సిగ్గుపడకుండా ‘తసుకెతె’ అని కేకవేయాలి, కాపాడండి అని. చుట్టూ ఉన్నవాళ్లతో ‘క్యూక్యూష ఒ యొందె కుదసై’ అంటే అంబులెన్సును పిలవండి అని. పోలీసులకు 110, అంబులెన్సుకూ అగ్నిమాపక దళానికీ కలిపి 119. ఆ రెండూ ఒకే నంబరు కాబట్టి 119కి ఫోను చేయగానే ‘కజి దెస్ క, క్యూక్యూ దెస్ క’ అని అడుగుతారు. కజి అంటే నిప్పు, క్యూక్యూ అంటే మనిషికి ఆపద. ‘క్యూక్యూ దెస్’ అని జవాబు చెప్పి, అట్టమీది చిరునామా పక్కనున్నవారి చేత చదివించాలి.